తగ్గిపోయిన తాబేలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి సార్" అంటుంటారు. పోలీసు ఉద్యోగమో డాక్టరు ఉద్యోగమో చేసి ఉంటే చెప్పడానికి చాలా ఉండేవి. నేను తాబేళ్లను కొలిచి రిటైరైన మనిషిని. వాటిని పట్టుకోవడం, తుడవడం, కొలవడం, మళ్లీ దొడ్లో వదిలి చేతులు కడుక్కుని టీకి పోవడం, ఇదీ నా సర్వీసు. అయినా అందులోనూ ఒక కేసు ఉంది. తేలిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్న కేసే. నాకు మాత్రం అప్పుడూ పూర్తిగా అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. మీలో ఎవరికైనా అర్థమైతే చెప్పండి, వింటాను.

తొంభైల నాటి మాట. నారాయణగూడలో ఒక కాలేజీ, అందులో జంతుశాస్త్ర విభాగం. నేను అక్కడ ల్యాబ్ అసిస్టెంటును. విభాగం వెనక, ప్రహరీ గోడకు ఆనుకుని, ఇనుప జాలీ కట్టిన దొడ్డి ఒకటి ఉండేది. అందులో నక్షత్ర తాబేళ్లు. చిప్ప మీద నక్షత్రాల్లాంటి పసుపు గీతలు ఉంటాయి కాబట్టి వాటికి ఆ పేరు. ఇంట్లో పెంచితే నేరం. అయినా తాబేలుంటే కలిసొస్తుందన్న నమ్మకంతో హిమాయత్‌నగర్ దుకాణాల వాళ్లూ, కొత్త ఫ్లాట్ల వాళ్లూ చాటుమాటుగా కొనుక్కునేవారు. అలా కొన్నవాళ్ల దగ్గర, అమ్మినవాళ్ల దగ్గర పట్టుబడిన వాటిలో కొన్నింటిని అటవీ శాఖ మా విభాగానికి అప్పగించింది. పెంచుకోండి, చదువుకు వాడుకోండి, ఒక్కటి మాయమైనా మీదే పూచీ అన్నారు.

మా పని చెప్పుకోవడానికి చాలా సులువు. బందీగా ఉన్న తాబేలు ఏ వయసులో ఎంత ఎదుగుతుందో చూడాలి. అరచేతిలో పట్టే పిల్లలు కొన్ని, నడివయసువి కొన్ని, అన్నింటికంటే పెద్దది, ముసలిది ఒకే ఒక్కటి. దాన్ని మేము పెద్దామె అనేవాళ్లం. పిల్లలు గబగబా ఎదుగుతాయి. నడివయసువి ఎదిగీ ఎదగనట్టు ఎదుగుతాయి. పెద్దామె ఎదుగుదల ఎప్పుడో ఆగిపోయింది. మూడు నెలలకోసారి అన్నింటినీ కొలిచేవాళ్లం.

బరువును మేము పెద్దగా నమ్మేవాళ్లం కాదు. తాబేలును చేతిలోకి తీసుకోగానే భయంతో మూత్రం పోస్తుంది, పోయకముందు ఒక బరువు, పోశాక ఒక బరువు. నా ప్యాంట్లన్నీ అలా తడిసినవే. మా ఇంట్లో వాటిని విడిగా ఉతికేవారు. కాబట్టి మాకు నమ్మకమైనది పొడవు ఒక్కటే. దాన్ని కొలవడానికి ఒక టేకు కర్ర ఉండేది. దాని మీద గీతలు, అంకెలు. ఒక చివర కదలని చెయ్యి, దానికి ఎదురుగా పట్టీ మీద జరిగే ఇంకో చెయ్యి. రెండు చేతుల మధ్య తాబేలును పెట్టి, జరిగే చెయ్యి ఏ గీత దగ్గర ఆగిందో చదువుకోవాలి. అంతకంటే విద్య ఏమీ లేదు.

మా విభాగానికి పెద్ద ఒక మేడమ్. చిక్కడపల్లిలో తాతల నాటి నుంచి ఉన్న కుటుంబం వాళ్లది. పనిలో ఖచ్చితం, పూజల్లో అంతకంటే ఖచ్చితం. ఆమె కింద తాత్కాలికంగా చేరిన ఒక అమ్మాయి ఉండేది. పగలు మాతో తాబేళ్లు, సాయంత్రం అశోక్ నగర్‌లో గ్రూప్స్ కోచింగ్. ఆ కోచింగ్ వల్ల ఆ అమ్మాయికి ప్రపంచమంతా నాలుగు జవాబుల ప్రశ్నలాగే కనిపించేది. క్యాంటీన్‌లో ఏం తింటావమ్మా అంటే కూడా "ఆప్షన్లు చెప్పండి సార్" అనేది.

తాబేళ్లకు ఆకులు కోసి పెట్టి, నీళ్ల తొట్టి కడిగే ఆయమ్మది పాలమూరు వైపు పల్లె. దొడ్డి పక్కనే రేకుల గదిలో మొగుడితో ఉండేది. అతను సెంట్రింగ్ కూలీ. పొద్దున్నే లోయర్ ట్యాంక్ బండ్ వైపు దిగే మలుపులో కూలీల అడ్డ మీద నిలబడేవాడు. పని దొరికితే వెళ్లేవాడు, దొరక్కపోతే వచ్చి మా దొడ్డి జాలీకి చిల్లులు పడ్డచోట తీగ బిగించేవాడు. ఎవరూ అడగకుండానే చేసేవాడు. ఆ గది ఆయమ్మ ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగం పోతే గదీ పోతుంది.

ఆ ఏడు దసరా వచ్చింది. మన దగ్గర ఆయుధ పూజ సంగతి మీకు తెలుసు. మెకానిక్ పానాలు కడుగుతాడు, డ్రైవర్ బండికి దండ వేస్తాడు, దర్జీ మిషన్‌కు బొట్టు పెడతాడు. మా విభాగంలో సూక్ష్మదర్శినులు, త్రాసు, కత్తెరలు అన్నీ తళతళలాడాల్సిందే. మేడమ్ ఒక్కదాన్నీ వదిలేది కాదు. కొలిచే కర్రకు కదలకూడని చెయ్యి వదులై చాలా రోజులుగా కదులుతోంది. ఆమె దాన్ని పండగకు ముందే తమ వీధి వడ్రంగికి ఇచ్చి బాగు చేయించింది. అతను పాత చెయ్యి తీసేసి కొత్తది బిగించి, కర్రంతా వార్నిష్ పూసి ఇచ్చాడు. పూజ రోజున అది మిగతా వాటి పక్కన, మూడు చోట్ల కుంకుమ బొట్లతో, పెళ్లికొడుకులా పడుకుని ఉంది. మేమందరం దండం పెట్టుకుని పులిహోర తిని సెలవులకు వెళ్లిపోయాం.

చలి మొదలయ్యాక మళ్లీ కొలతల వంతు వచ్చింది. పిల్లలు ఎదిగాయి కానీ ఎదగాల్సినంత ఎదగలేదు. నడివయసువి ఉన్నచోటే ఉన్నాయి. చలికి తిండి తగ్గింది కదా, అందుకే అనుకున్నాం. చివర్లో పెద్దామెను పెట్టాను. గీత చదివాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. అమ్మాయిని పిలిచి ఆమెతో చదివించాను. పెద్దామె కొన్ని మిల్లీమీటర్లు తగ్గిపోయింది.

మనిషి చిక్కిపోతాడు, తాబేలు కూడా చిక్కిపోతుంది. కానీ చిప్ప ఎముక. ముసలి తాబేలు చిప్ప పెరగకపోవచ్చు గానీ మూడు నెలల్లో కుంచించుకుపోవడం జరిగే పని కాదు.

అమ్మాయి కాసేపు పెన్ను నమిలి, "ఎ, తాబేలు మారింది. బి, మనం తప్పు చదివినం. సి, నిజంగనే తగ్గింది. డి, పైవేవీ కావు" అంది.

"డి అంటే ఏందమ్మా?"

"డి అంటే ఏందో తెలిస్తే ఈడ ఎందుకుంట సార్, డిప్యూటీ కలెక్టర్ అయ్యేదాన్ని కదా."

నవ్వుకున్నాం. ఆ నవ్వు మేడమ్ వచ్చేవరకే. ఆమె తానే కొలిచింది. రెండుసార్లు కొలిచి, ముఖం ఎర్రబడి, కుర్చీలో కూర్చుంది. మూడో జవాబు జరగదు, రెండోది కాదని ముగ్గురం చదివి తేల్చుకున్నాం. మిగిలింది మొదటిది. ఎవరో పెద్దామెను ఎత్తుకుపోయి, అలాంటిదే కాస్త చిన్నది తెచ్చి పెట్టారు. చిప్ప మీద మేము గోళ్ల రంగుతో వేసిన అంకెను చూసి వేయడం ఎంతసేపు? ఫొటోలు తీసి పెట్టుకోవాలని అంతమందిలో ఒక్కరికీ తోచలేదు. పెద్దామె చిప్ప మీద గీతలు ఏనాడో అరిగిపోయాయి, వాటిని గుర్తుపెట్టుకున్న వాళ్లం లేము.

మేడమ్ ఆయమ్మను పిలిపించింది.

"దసరాకు నువ్వు ఊరికి పోయినవు కదా. దొడ్డి తాళం ఎవరికిచ్చి పోయినవు?"

"బతుకమ్మకు పోయిన మేడమ్. తాళం మా ఆయన కాన్నే ఉండె. ఆకులు గూడ ఆయననే ఏసిండు."

"పెద్ద తాబేలును మార్చిండ్రు. ఇది అది కాదు."

ఆయమ్మ నోరు తెరిచి, పెద్దామె వైపు, కర్ర వైపు మార్చి మార్చి చూసింది. "నాకైతే అదే అనిపిస్తుంది మేడమ్. కానీ గీ తాబేళ్లన్నీ ఒక్క తీరుగనే ఉంటయి. మీ కర్ర కాదన్నంక నేనేం జెప్త?"

మేడమ్ చెడ్డ మనిషి కాదు. ఆ సంగతి మీరు తెలుసుకోవాలి. ఆయమ్మకు జ్వరం వస్తే సొంత డబ్బాలోంచి అన్నం పెట్టిన మనిషి. కానీ తాబేలు పోతే కేసు మేడమ్ మెడకే చుట్టుకుంటుంది. వచ్చే వారం అటవీ శాఖ అధికారి తనిఖీకి వస్తున్నాడు. దాచి పెడితే తాను దొంగ అవుతుంది, చెబితే ఆయమ్మ సంసారం రోడ్డు మీద పడుతుంది. "నాకు రాత్రంతా నిద్ర పడతలేదు, బీపీ పెరిగింది" అని నాతో రెండుసార్లు అంది. చివరికి అధికారికి ఉన్నదున్నట్టు చెప్పాలనీ, ఆయమ్మ ఆరోజుకల్లా గది ఖాళీ చేయాలనీ నిర్ణయించింది.

ఈ గొడవలో నేను ఏమనుకున్నానని అడుగుతారేమో. ఒక పూట ఆయమ్మ మొగుడే తీశాడనిపించేది. ఇంకో పూట, జాలీకి ఊరికే తీగ బిగించే మనిషి తాబేలును ఎత్తుకుపోతాడా అనిపించేది. ఆ వెంటనే, ఎత్తుకుపోయే ఉద్దేశం ఉన్నవాడు కాబట్టే జాలీ దగ్గర అంతసేపు కూర్చునేవాడేమో అనిపించేది. మెదడు పెనం మీద దోసెలా తిరగబడుతూ ఉండేది. మంచితనాన్ని కూడా అనుమానంగా మార్చుకోవచ్చని నాకు ఆ వారంలో తెలిసింది, తెలిసినందుకు సిగ్గేసింది.

మరుసటి రోజు పొద్దున నేను దొడ్లోకి వెళ్లేసరికి రేకుల గదిలోంచి అరుపులు.

"పండుగకు చీర యాడికెల్లి తెచ్చినవో చెప్పు!"

"చెప్పిన గద, స్లాబ్ పనికి పోయి తెచ్చిన అని."

"పండుగ దినాలల్ల స్లాబ్ ఎవడేస్తడు?"

"ఏసిండ్రు. పోయిన. నీ తల మీద చెయ్యి పెట్టి చెప్త, తాబేలు సంగతి నాకు తెల్వది."

"నా తల మీద చెయ్యి తియ్యి. గా కర్ర అబద్ధం ఆడ్తదా? మేడమ్ అబద్ధం ఆడ్తదా? సదువుకున్నోళ్లు ముగ్గురు కొలిచిండ్రు."

కాసేపటికి అతను బట్టల మూట చంకలో పెట్టుకుని బయటకు వచ్చాడు. నన్ను చూశాడు, గేటు దాటిపోయాడు. ఆయమ్మ దసరా చీర తెచ్చి గది ముందు మెట్టు మీద పడేసింది. మొగుడూ పెళ్లాల గొడవలో మనమెందుకని నేను తాబేళ్లకు నీళ్లు మార్చుకుంటూ ఉండిపోయాను. అతను ఆ రోజు తిరిగి రాలేదు. అధికారి వచ్చే రోజు దాకా రాలేదు.

అధికారి వచ్చే రోజు వచ్చింది. ఆయమ్మ అప్పటికే గిన్నెలన్నీ ఒక గోనెసంచిలో కట్టేసింది. కానీ ఆ పొద్దున కూడా తాబేళ్లకు ఆకులు కోసింది. మేడమ్ గది అటూ ఇటూ సర్దుతూ, అద్దాల బీరువాలోని తాబేలు చిప్పను బయటకు తీయించింది. మా దగ్గర ఎప్పుడో చచ్చిపోయిన తాబేలుది ఆ చిప్ప. శుభ్రం చేసి, చదువుకునే పిల్లలకు చూపించడానికి పెట్టాం. దాని కింద పేరు, పొడవు రాసి అంటించిన చీటీ పసుపుపచ్చగా మాసిపోయింది.

"ఆయన చూస్తడు, కొత్త చీటీ రాయి జర" అని మేడమ్ అమ్మాయికి పురమాయించింది.

ఇంకొకరైతే పాత చీటీ చూసి దించేసేవారు. ఆ అమ్మాయి పరీక్షలకు చదివే మనిషి, ఎవరో రాసిన జవాబును అలాగే రాయదు. కర్ర తీసి చిప్పను రెండు చేతుల మధ్య పెట్టి చదివింది. పాత చీటీ చూసింది. మళ్లీ కొలిచింది. నేను కిటికీ దగ్గర నిలబడి అధికారి జీపు కోసం చూస్తున్నాను.

"సార్, జర ఇటు రండి. ఇది గూడ తగ్గింది."

"ఏది తగ్గింది?"

"చచ్చిపోయిన తాబేలు."

నాకు అర్థం కాలేదు. నిజం చెబుతున్నాను, మొదట భయమేసింది. చచ్చిన తాబేలు తగ్గడం ఏమిటి, ఈ గదిలో అన్నీ తగ్గిపోతున్నాయా అని ఒక్క క్షణం నా చేతుల వైపు చూసుకున్నాను. అమ్మాయి మాత్రం చిప్పను పక్కన పెట్టి, జరిగే చేతిని నెమ్మదిగా నెట్టుకుంటూ పోయి కదలని చేతికి ఆనించింది. రెండు చేతులూ కలిస్తే సున్నా గీత దగ్గర కలవాలి. సున్నా దాటి ఇంకా లోపలికి పోయి కలిశాయి.

సంగతి అదీ. పాత చెయ్యి మోటుగా, మందంగా ఉండేది, సరిగ్గా సున్నా గీత దాకా వచ్చేది. చిక్కడపల్లి వడ్రంగి మంచి పనివాడు. మోటు చెయ్యి స్థానంలో సన్నగా, అందంగా కొత్తది చేసి కర్ర చివర బిగించాడు. దాంతో ఆ చేతికీ సున్నాకూ మధ్య కొంత ఖాళీ చెక్క మిగిలింది. బడి పిల్లల స్కేళ్లన్నింటికీ సున్నాకు ముందు అలాంటి ఖాళీ ఉంటుంది, కాబట్టి మా కళ్లకు అది తప్పుగా కనపడలేదు. ఆ ఖాళీలో పడిన పొడవు లెక్కలోకి రావడం లేదు. తాబేలు పిల్లల విషయంలో ఎదుగుదల ఆ తప్పును కప్పేసింది. నడివయసు వాటి కాస్త ఎదుగుదలను ఆ తప్పు మింగేసింది. ఎదగని పెద్దామె ఒక్కతే పట్టుబడింది. పైగా అది కుంకుమ బొట్లు పెట్టి దండం పెట్టుకున్న కర్ర, దాన్ని అనుమానించాలని ఎవరికి తోస్తుంది?

అమ్మాయి కర్రను మేడమ్ బల్ల మీద పెట్టి, "మేడమ్, ఈ చచ్చిన దాన్ని గూడ ఆయననే మార్చిండా?" అని అడిగింది. వెటకారంగా అనలేదు. నోట్లోంచి వచ్చేసింది, అంతే.

మేడమ్ కర్ర చేతులు రెండూ కలిపి చూసింది, విడదీసింది, మళ్లీ కలిపింది. "నేనే ఇచ్చిన వడ్రంగికి" అంది చాలా చిన్న గొంతుతో. ఆ తర్వాత లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా దొడ్డి దగ్గరకు వెళ్లింది. గోనెసంచి పక్కన కూర్చున్న ఆయమ్మ లేచి నిలబడింది.

"తప్పు కర్రదే. నేనే బాగు చేయించిన. తాబేలు మారలేదు. నీ సామాను లోపల పెట్టుకో" అంది మేడమ్. ఆమె కళ్లల్లో నీళ్లు చూడటం నాకు అదే మొదటిసారి.

నేను ఆయమ్మ నవ్వుతుందనుకున్నాను, లేదా ఏడుస్తుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. ఆమె ఏదీ చేయలేదు. చాలాసేపు పెద్దామెను చూసింది. తర్వాత, "గట్లైతే మరి ఆయనను నేనెందుకు ఎల్లగొట్టిన?" అంది. మమ్మల్నే అడుగుతోంది. చదువుకున్నవాళ్లం ముగ్గురం అక్కడే ఉన్నాం.

అధికారి ఆరోజు రానే లేదు, ఏదో మీటింగని కబురు పంపాడు. ఇంత రభసా ఎవరికోసం జరిగిందో ఆయనకు తెలియను కూడా తెలియదు.

నేనూ చిక్కడపల్లిలోనే ఉండేవాణ్ణి, మరునాడు పొద్దున్నే ఆయమ్మ మా వాకిట్లో నిలబడి ఉంది. దసరా చీర కట్టుకుని ఉంది, చేతిలో అన్నం డబ్బా. "అన్నా, అడ్డ మీదికి జర నాతోని రా. ఒక్కదాన్నే పోతే మొఖం తిప్పుకుంటడు" అంది. చొక్కా తొడుక్కుని వెళ్లాను. అశోక్ నగర్‌లో టీ బండ్ల దగ్గర కోచింగ్ పిల్లలు పుస్తకాలు చంకన పెట్టుకుని గుంపులుగా ఉన్నారు. వాళ్లను దాటుకుని మలుపు తిరిగితే అడ్డ. పారలు, తాపీలు పట్టుకుని కూలీలు ఎదురుచూస్తున్నారు. అతను ఒక పక్కన, గట్టు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు.

ఆయమ్మ వెళ్లి ఎదురుగా నిలబడింది. "కర్రదే తప్పంట. నీది గాదు. ఇంటికి రా."

అతను చీర చూశాడు, నన్ను చూశాడు. బీడీ ఆర్పాడు. కోపంగా లేడు. బాగా ఆలోచించుకున్న మనిషిలా ఉన్నాడు.

"మంచిదే. కర్రది తప్పని తేలింది గాబట్టి వచ్చినవు. తేలకపోతే?"

నేనైతే ఏదో ఒకటి సర్దిచెప్పేవాణ్ణి. అయ్యో, ఎప్పటికైనా వచ్చేది, పెళ్లాం మనసు నీకు తెలియదా అని. నోరు తెరవబోయాను కూడా. ఆయమ్మ నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

"తేలకపోతే నాకెట్ల ఎరుకైతదయ్యా, నువ్వు తియ్యలేదని?"

అబద్ధం చెబితే తీరిపోయే చోట ఆ మనిషి నిజం చెప్పింది. ఈలోగా మేస్త్రీ లారీ వచ్చి ఆగింది, కూలీలు పరిగెత్తి ఎక్కుతున్నారు. అతనూ లేచి ఎక్కాడు. అయిపోయిందనుకున్నాను. లారీ కదిలేముందు అతను కిందికి వంగి చెయ్యి చాపాడు. ఆయమ్మ అన్నం డబ్బా ఆ చేతిలో పెట్టింది.

అతను తిరిగి వస్తాడో రాడో నాకు అర్థం కాలేదు. ఆయమ్మను అడగడానికి ధైర్యం చాలలేదు. దారంతా ఆమె తాబేళ్లకు ఆకులు ఆలస్యమయ్యాయని మాత్రమే అంది. ఆ మరునాడు నేను డ్యూటీకి వెళ్లేసరికి రేకుల గది ముందు తాడు మీద మగవాళ్ల చొక్కా ఒకటి ఆరేసి ఉంది. సిమెంటు మరకలు పోనే లేదు, అప్పుడే పిండినట్టు నీళ్లు కారుతున్నాయి. లోపల ల్యాబులో మేడమ్ నన్ను పిలుస్తోంది. నేను ఆ చొక్కా కిందే నిలబడ్డాను, ఆ జవాబు విన్నాక కూడా అతను ఎందుకొచ్చాడో అర్థం కాక.